గుమ్మడికాయల దొంగలూ, భుజాలూ

క్రితం సంచికలో డేవ్ ఎగ్గర్స్ నవల ‘ది సర్కిల్’ని మేము పరిచయం చేశాం. మా పరిచయాలకి మామూలుగా రెండు ఉత్తరాలు వస్తాయి. ఒకటి అచ్చుతప్పులు చూపిస్తూ, రెండోది మీ పత్రిక ఇంకా వస్తోందా అని ఆశ్చర్యపోతూ. ఈసారి డజనుకి పైగా వచ్చాయి. నాలుగు ఉత్తరాలు పేజీ దాటాయి. ఒకదానికి పట్టిక కూడా జతపరిచారు. మన పాఠకులు ఇంత శ్రద్ధగా చదువుతారని తెలిసి పొంగిపోయాం. చదివినకొద్దీ ఆ పొంగు చల్లారింది. అందరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక, అందరితోనూ ఒకేసారి పోట్లాడదామని ఈ నాలుగు మాటలూ.

ఆ సంచిక చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాం. నవల 2013 అక్టోబరులో వచ్చింది. కథ జరిగే ఊరు శాన్ విన్‌చెంజో. పటంలో లేదు గాని మన బే ఏరియాలోదే. సన్నీవేల్‌లో కాపురమున్నవాళ్ళకి దారి చెప్పనక్కర్లేదు. ఇరవై నాలుగేళ్ళ మే హాలండ్ తన ఊళ్ళో కరెంటు కంపెనీ ఉద్యోగంతో విసిగిపోయి, కాలేజీలో తనతో ఒకే గదిలో ఉన్న యానీ సిఫార్సు మీద సర్కిల్ అనే మహా కంపెనీలో చేరుతుంది. అక్కడ భోజనం, వైద్యం, పాటకచేరీలు అన్నీ ఉచితం. ప్రతిఫలంగా కోరేది ఒక్కటే, ఏదీ దాచుకోకూడదు. రోజులు గడిచేకొద్దీ ఆ అమ్మాయి బల్లమీద తెరల సంఖ్య పెరుగుతుంది, దాచుకునేవి తగ్గుతాయి. చివరికి ఒంటిమీద కెమెరా తగిలించుకుని లోకానికంతటికీ కనిపిస్తూ తిరుగుతుంది. ఆమెని ఎవరూ కొట్టరు, తిట్టరు, జైల్లో పెట్టరు. అన్నిటికీ తనే సరేనంటుంది. చదువుతూ మేము చాలాచోట్ల పకపకా నవ్వాం. కొన్నిచోట్ల నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

ఇక ఉత్తరాలు. ఎక్కువ భాగం ఇంజనీర్లు రాసినవే. మన ఊళ్ళో అంతకంటె ఏం ఆశించగలం? నవలలో చప్పరించే లాలీపాప్ అంత కెమెరా ఒకటుంది. దాన్ని ఎక్కడపడితే అక్కడ అంటించవచ్చు, బ్యాటరీ రెండేళ్ళు వస్తుంది. ఇది అసాధ్యమని ఒకరు వాట్లు, గంటలు గుణించి నిరూపించారు. లోకంలోని జనమంతా ఒకే పేరుతో ఒకే ఖాతా తెరిస్తే ఆ వ్యవస్థ ఎక్కడ కుప్పకూలుతుందో ఇంకొకరు బొమ్మ గీసి పంపారు. ‘రచయితకి ఈ రంగంలో ఓనమాలు రావు’ అని ఇద్దరి తీర్పూ.

ఈ ఆక్షేపణ మనవాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. నవల వచ్చిన రోజుల్లోనే ఇక్కడి సాంకేతిక విలేఖరులు కొందరు ఇదే మాట అన్నారు. ఆ కంపెనీల ప్రాంగణాలు తాను చూడలేదనీ, వాటి మీద వచ్చిన పుస్తకాలు చదవలేదనీ ఎగ్గర్స్ స్వయంగా చెప్పుకున్నాడు కాబట్టి వాళ్ళకి పని మరీ సుళువైంది. మరోపక్క మార్గరెట్ అట్‌వుడ్ అదే నవలని అధిక్షేప రచనగా చదివి మెచ్చుకుంది. ఆవిడకి బ్యాటరీ గొడవ పట్టలేదు. విశ్వనాథవారి ‘హాహా హూహూ’లో గుర్రపు తల గంధర్వుడు లండన్ నడిబొడ్డున పడితే, అంత ఎత్తు నుంచి పడ్డవాడి ఎముకలు విరగలేదేమని మనం అడిగామా? గంధర్వుడి ఎముకల మీద లేని పట్టింపు లాలీపాప్ బ్యాటరీ మీద ఎందుకొచ్చింది?

మా అనుమానం చెబుతాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. పాతకాలం దొంగ అమాయకుడు గనుక భుజం మీద బూడిద చూసుకున్నాడు. మన సన్నీవేల్ దొంగ అట్లా దొరకడు. ‘ఆ గుమ్మడికాయ బరువెంత? దాన్ని భుజాన మోయడం సాధ్యమేనా? నాకు లెక్క చూపించండి’ అంటాడు.

రెండో రకం ఉత్తరాలు దీనికి సరిగ్గా తలకిందులు. ‘బ్రహ్మంగారు చెప్పినట్టే జరిగిందండీ!’ అని మొదలవుతాయి. పట్టిక పంపిన పాఠకుడు ఈ రకంవారే. ఒక వరసలో నవలలోని వింతలు, పక్క వరసలో అవి నిజమైన దాఖలాలు. స్నోడెన్ గుట్టు విప్పింది 2013 జూన్‌లోనూ, నవల వచ్చింది అక్టోబరులోనూ కాబట్టి ఎగ్గర్స్‌కి దివ్యదృష్టి ఉందని ఆయన తేల్చారు. జూన్ సంగతి అక్టోబరులో చెప్పడానికి దివ్యదృష్టి ఎందుకో మాకు బోధపడలేదు, పోనివ్వండి. మన ఇళ్ళలో కాలజ్ఞానానికి ఉన్న సుఖమేమిటంటే, రాసిపెట్టి ఉన్నది జరుగుతుంది, మన పూచీ ఏమీ లేదు. జరిగినదాని పక్కన టిక్కు పెట్టుకుని కాఫీ తాగడమే మన వంతు. ఒకాయన తప్పని కొట్టేశారు, ఒకాయన నిజమని మొక్కేశారు. ఇద్దరూ పుస్తకాన్ని గుమ్మం బయటే నిలబెట్టారు.

‘ముగింపు బాగుంది, ఆ పిల్ల పెద్దలకి మంచి బుద్ధి చెప్పింది’ అని మెచ్చుకున్న సోదరికి ఒక చిన్న మనవి. అమ్మా, మీరు చూసింది 2017లో ఎమ్మా వాట్సన్, టామ్ హాంక్స్ నటించిన సినిమా. నవలలో ఆ పిల్ల బుద్ధి చెప్పదు, తనని హెచ్చరించినవాణ్ణే పట్టి ఇస్తుంది.

ఆర్వెల్ ‘1984’ ముందు ఇది పిల్లలాట అని రాసిన పెద్దమనిషితో మాకు పేచీ ఉంది. ఆయన ఇక్కడికి చాలా ఏళ్ళ క్రితం వచ్చినవారు. 101 మీద వెళ్తూ మాఫెట్ ఫీల్డ్ పక్కనున్న ఆ నీలం భవనాన్ని చూసే ఉంటారు. కిటికీ అన్నది లేని ఆ పెట్టెని ఊళ్ళో అంతా బ్లూ క్యూబ్ అనేవారు. ఆకాశంలో తిరిగే మిలటరీ ఉపగ్రహాలని అక్కణ్ణించే నడిపేవారు. దాన్ని చూస్తే ఎవరికైనా ఆర్వెలే గుర్తుకొస్తాడు. చూసేవాడు గోడ లోపల, మనం బయట. 2014లో దాన్ని పడగొట్టేశారు. ఆ స్థలంలో ఇప్పుడు ఫుట్‌హిల్ కాలేజీ శాఖ ఉంది, మన పిల్లలు కొందరు చదువుకుంటున్నారు. భయపెట్టే గోడ పోయింది గాని చూసే పని పోలేదు. అది మన గుమ్మాల మీదికి, కార్లలోకి, జేబుల్లోకి వచ్చింది. డబ్బిచ్చి కొని, స్క్రూడ్రైవరు పట్టుకుని, మనమే బిగించుకున్నాం. ఆర్వెల్ రాసింది బలవంతం గురించి. ఎగ్గర్స్ రాసింది ముచ్చటపడి ఒప్పుకోవడం గురించి. మనకి ఈ రెండోదే దగ్గర చుట్టం. చుట్టం గనుకే గుర్తుపట్టలేదన్నట్టు మొహం తిప్పుకుంటున్నాం.

కాస్త ఆలోచింపజేసిన ఉత్తరం మరొకటి. దాని సారాంశం: ‘ఇదంతా పై అధికారుల పాపం. మేము చిన్న ఉద్యోగులం. పెద్ద యంత్రంలో ఒక మర బిగిస్తాం. మేము బిగించకపోతే ఇంకొకడు బిగిస్తాడు.’ ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని మేము కాదనం. హెచ్-1బి మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి ఉన్న గడువు 60 రోజులు. ఇల్లు, పిల్లల బడి, భార్య పని అన్నీ ఆ 60 రోజుల కొక్కేనికే వేలాడుతుంటాయి. అటువంటివాణ్ణి లేచి ధర్మపన్నాలు చెప్పమనడానికి మాకు నోరు రాదు. నవలలో మే కూడా అట్లాగే ఇరుక్కుంటుంది. ఆమె తండ్రికి నరాల జబ్బు. సర్కిల్ ఇచ్చే వైద్యబీమా లేకపోతే ఆయనకి సరైన చికిత్స లేదు. అందుకే ఎగ్గర్స్‌కి మన సంగతి తెలియదంటే మేము ఒప్పుకోం. కంప్యూటర్ల సంగతి తెలియకపోవచ్చు.

అయితే మిగిలిన సగం? ఆ నవలలోనూ అందరూ ఒక్కొక్క మరే బిగిస్తారు. ఫ్రాన్సిస్ అనే కుర్రవాడు పిల్లల ఎముకలో చిన్న చిప్ పెట్టే పథకం తయారుచేస్తాడు, పిల్ల ఎక్కడున్నా నిమిషంలో తెలిసిపోయేట్టు. అతను రాక్షసుడు కాడు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళని ఎవరో ఎత్తుకుపోయిన దుఃఖంలోంచి పుట్టిన ఆలోచన అది. దుర్మార్గుడు చేసే పని అయితే ఎవరైనా అడ్డుపడతారు. ప్రేమతో చేసే పనికి ఎవడు అడ్డుపడతాడు? 2021లో వచ్చిన రెండో భాగం ‘ది ఎవ్‌రీ’ ఇంకా నవ్విస్తుంది. అందులో డెలానీ అనే అమ్మాయి కంపెనీని లోపలినుంచి కూల్చేద్దామని చేరి, జనం ఛీకొట్టాలని కావాలనే దిక్కుమాలిన ఆలోచనలన్నీ చెబుతుంది. ఎంత దిక్కుమాలినదైతే జనం అంత ఎగబడి అందుకుంటారు. మీటింగులో కూర్చుని ‘ఇది బాగాలేదు, ఎందుకు చేస్తున్నాం?’ అని ఒక్కసారి అడగడానికి వీసా అడ్డొస్తుందేమో. ఇంట్లో మన భోజనాల బల్ల దగ్గర అదే ప్రశ్న వేసుకోడానికి ఏ వీసా అడ్డు?

కాబట్టి ఇంట్లోకే వద్దాం.

మే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఖాతాదార్లకి జవాబులు రాస్తుంది. ప్రతి జవాబుకీ వాళ్ళు నూటికి ఇన్నని మార్కులు వేయాలి. నూరు రాకపోతే, ‘మిగతావి ఎందుకు తగ్గించారు?’ అని వాళ్ళని మళ్ళీ అడగాలి. ఇది చదివి అమెరికా పాఠకులు కంపెనీల పిచ్చి అని నవ్వారట. మేమూ నవ్వాం. అంతలో పక్కగదిలోంచి మాలో ఒకరి గొంతే వినిపించింది: ‘తొంభై ఏడా? ఆ మూడు ఎక్కడ పోయాయి?’ ఇప్పుడు పిల్లవాడు ఇంటికొచ్చి చెప్పేదాకా కూడా ఆగనక్కర్లేదు. బడివాళ్ళు మార్కులు వేసిన మరుక్షణం తండ్రి ఫోనులో గంట మోగుతుంది. పదో క్లాసు పిల్ల లెక్కల పరీక్ష పాడుచేసుకుని, ఆ సంగతి అమ్మకి ఎట్లా చెప్పాలో బస్సులో కూర్చుని ఆలోచించుకునే అరగంట ఒకప్పుడు ఉండేది. ఆ అరగంటలోనే పిల్లలు కొంత పెద్దవాళ్ళయ్యేవారు. అది తీసేసుకున్నాం.

పోర్చుగల్ విందు ఘట్టం మా గోష్ఠిలో రెండుసార్లు చదివించుకున్నాం. ఆలిస్టేర్ అనే సహోద్యోగి పోర్చుగల్ అంటే ఇష్టమున్నవాళ్ళందరికీ విందు పెడతాడు. మే ఎప్పుడో ఆ దేశం వెళ్ళి ఫోటోలు తీసుకుంది గనుక ఆమెకీ పిలుపు వెళ్తుంది. వందల సందేశాల మధ్య ఆ పిలుపు ఆమె కంటబడదు. అతగాడి మనసు ఎంత గాయపడుతుందంటే, పై అధికారి ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదర్చవలసి వస్తుంది. అయ్యా, ఇది అమెరికా వ్యంగ్యమా? మన సత్యనారాయణ వ్రతాలు, సీమంతాలు, మొదటి పుట్టినరోజులు మీరెరగరా? వాట్సాప్‌లో పిలుపు పంపితే పక్కన రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంటే చూశారు, చూసీ జవాబివ్వలేదు, అంటే మనమంటే లెక్కలేదు. ఈ గొలుసుకట్టుతో మన ఊళ్ళో విడిపోయిన స్నేహాలు మాకే తెలిసినవి కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి మా గోష్ఠిలోదే. ఇంతకంటె రాస్తే రెండోది కూడా తయారవుతుంది.

నవ్వించే పుస్తకానికి మనవాళ్ళు కొత్తా అంటే, కానే కాదు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు చూసినవాళ్ళు కడుపుబ్బ నవ్వే ఉంటారు. ఆ నాటకం వెనక నవ్వు లేని అంకె ఒకటుంది. విశాఖ మండలంలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాలు 1,034 అని లెక్క తేలినట్టు గురజాడ పీఠికలోనే రాసుకున్నారు, అది పూర్తి లెక్క కాదని కూడా. మరి నవ్విన జనంలో ఆ 1,034 పెళ్ళిళ్ళ భోజనాలు చేసినవాళ్ళు ఒక్కరూ లేరా? లుబ్ధావధాన్లు అంటే పక్కవీధి ముసలాయనే అని అందరూ అనుకునే ఉంటారు. ఏ వీధికి ఆ వీధి అట్లాగే అనుకుని ఉంటుంది.

ఒక పిల్ల ఫోనులో అమ్మ పెట్టించిన యాప్ ఉంది. పిల్ల లైబ్రరీలో ఉందా, స్నేహితురాలింట్లో ఉందా, కారు ఎంత వేగంతో నడుపుతోందీ అన్నీ చుక్కగా కనబడతాయి. తల్లి భయం మాకు తెలుసు. ఈ దేశం వార్తలు చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. కాని ఆ తల్లే పద్దెనిమిదో ఏట గుంటూరులో హాస్టలు నుంచి మాట్నీకి వెళ్ళి, ఇంటికి రాసిన ఉత్తరంలో రికార్డులు పూర్తి చేస్తున్నానని రాసింది. ఈ కథ ఆవిడే మాకు చెప్పి నవ్వించింది. తన కూతురికి అటువంటి కథ ఒక్కటైనా మిగులుతుందా అని అడిగాం. ఆవిడకి మా మీద కోపమొచ్చింది.

ఇక కొంచెం కష్టమైన సంగతి. మా ఉత్తరాల కట్టలో ఒక్కటి తెలుగులో చేతిరాత. కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చిన ఒక పెద్దావిడ రాశారు. ఆవిడ నవల చదవలేదు, మా పరిచయమే చదివారు. బ్యాటరీ గురించి గాని, బ్రహ్మంగారి గురించి గాని ఒక్క ముక్క లేదు. ‘ఆ అమ్మాయి తల్లిదండ్రుల ఇంట్లో కెమెరాలు పెట్టారనీ, వాళ్ళు వాటిమీద గుడ్డలు కప్పారనీ రాశారు. తరువాత ఆ పిల్లకీ తల్లికీ మాటలున్నాయా? మీరు రాయలేదు’ అని అడిగారు. అంతే ఉత్తరం.

మేము రాయకపోవడానికి కారణం ఉంది. నవలలో తండ్రి వైద్యం ఖర్చు కంపెనీ భరిస్తుంది, బదులుగా ఇంట్లో కెమెరాలు పెట్టుకోవాలి. వాటి మూలంగా ఆ దంపతులకి జరిగిన అవమానం ఇక్కడ రాయదగింది కాదు. వాళ్ళు గుడ్డలు కప్పుతారు. కంపెనీ నొచ్చుకుంటుంది, కూతురూ నొచ్చుకుంటుంది. వాళ్ళ కోసమే కదా ఇదంతా అని ఆమె బాధ.

మాలో ఒకరి తల్లిగారు తెనాలిలో ఒంటరిగా ఉంటున్నారు. ఆయన పోయాక రెండేళ్ళ క్రితం హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, వీధి వసారాలో ఒకటి కెమెరాలు పెట్టించాం. ఇక్కడ పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరేవేళకి అక్కడ రాత్రి భోజనాలవేళ. కారెక్కేముందు ఫోను తీసి చూస్తే ఆవిడ అన్నం తింటూ కనిపించేది. హాయిగా ఉండేది. క్రమంగా ఆ హాయి ప్రశ్నలుగా మారింది. ‘అమ్మా, మందు వేసుకోలేదేం? మళ్ళీ పచ్చడేనా? పనిమనిషితో అంతసేపు ఏం మాటలు?’ ఆవిడ సరే సరే అనేవారు. ఒకరోజు వంటింటి తెర నల్లగా కనబడింది. ఏదో చెడిపోయిందని గాభరాగా ఫోను చేస్తే ఆవిడ తాపీగా అన్నారు: ‘ఏం లేదు నాన్నా, దుమ్ము పడుతోందని తువ్వాలు కప్పాను.’

మేము ఏం చేశామో అది కూడా రాస్తాం. పక్కింటి కుర్రవాణ్ణి పంపించి తువ్వాలు తీయించాం. మర్నాడు మళ్ళీ కప్పారు. మళ్ళీ తీయించాం. నవల చదివింది ఆ తరవాత.

కెమెరాల వల్ల మేలే లేదని మేము బుకాయించం. మాకు తెలిసిన మరో ఇంట్లో పెద్దాయన రాత్రివేళ హాల్లో పడిపోతే, సన్నీవేల్ నుంచి కొడుకు చూసి పక్కింటివాళ్ళని లేపి ఆస్పత్రికి చేర్పించాడు. ఆ కొడుకు ముందు ఈ వ్యాసం చదవడానికి మాకు ధైర్యం చాలదు. కాని ఆ పెద్దాయన కెమెరా తానే అడిగి పెట్టించుకున్నారు, పడకగదిలో వద్దన్నారు, వద్దంటే మానేశారు. తెనాలిలో మేము అడగలేదు. పెట్టించాక చెప్పాం. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు.

అమ్మగారూ, మీ ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. నవల చివరికి వచ్చేసరికి ఆ పిల్లకీ తల్లిదండ్రులకీ మాటల్లేవు. వాళ్ళు ఆమెకి అందకుండా పోయారు. లోకమంతా ఆ పిల్లని చూస్తోంది, కన్నవాళ్ళు మాత్రం చూడటం మానేశారు. ఏదో ఒకనాటికి తిరిగి వస్తారని ఆమె నమ్మకం. రచయిత ఆ నమ్మకానికి ఆధారమేదీ చూపించలేదు.

పోయిన ఆదివారం తెనాలికి ఫోను చేసి, కెమెరాలు తీయించెయ్యమంటావా అని అడిగాం. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. ‘వసారాలోది ఉండనీ, కుక్కలొస్తున్నాయి. హాల్లోదీ ఉండనీలే, నీకు బెంగ. వంటింట్లోది తీయించు’ అన్నారు. తీయించాం. ఇప్పుడు ఆవిడ రాత్రి ఏం తిన్నారో తెలియాలంటే ఫోను చేసి అడగాలి. నిన్న అడిగితే బీరకాయ కూర అన్నారు. నిజమో, మళ్ళీ పచ్చడేనో.